ఏడుపు పాటకు పంది తొడ

మా కెఫేలో సరదా పాట పాడినవాళ్ళకు బహుమతి ఉండదు. ఎవరైనా కొత్తవాళ్ళు మైకు పుచ్చుకుని ఎండాకాలం, సముద్రం, ముద్దులు అంటూ మొదలుపెడితే వెనక బల్లల నుంచి గ్లాసుల కింద వేసే అట్టముక్కలు గాల్లో ఎగిరి వస్తాయి. తర్వాత అవన్నీ ఏరుకోవలసింది నేనే కాబట్టి నాకు ఒళ్ళు మండుతుంది. అయినా పాడినవాణ్ణి మాత్రం వెనకేసుకు రాను. ఏడుపు పాటల పోటీకి వచ్చి సముద్రం గురించి పాడటమేమిటి?

నా పేరు ఒడిల్. బెల్జియంలో లియేజ్ నగరం కిందుగా కనిపించే గుట్ట మీద, ఉక్కు కొలిమి మూతపడ్డ పేటలో, ఈ కెఫే మా అత్తగారి నుంచి నాకు వచ్చింది. ఆవిడ కాలంలో నెలకో ఆదివారం మధ్యాహ్నం పేకాట పోటీ ఉండేది. గెలిచినవాళ్ళకు పొగబెట్టిన పంది తొడ ఒకటి చేతికిచ్చేవారు. పేకాడే ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు కానీ తొడ ఇచ్చే అలవాటు పోలేదు. ఎదురుగా మాంసం కొట్టు నడిపే లాంబేర్ నెలకొకటి తెచ్చి కౌంటరు మీద దబ్బున పడేస్తాడు. వాళ్ళ నాన్న ఇచ్చాడు, తనూ ఇస్తాడు. తొడ ఉంది, పోటీ లేదు. అందుకని మైకు కొన్నాం.

ఏడుపు పాటలే ఎందుకంటే, మా దగ్గర పుష్కలంగా ఉన్నవి అవే. మా అమ్మ వినే పాటల్లో ఏడుపుకు కారణమంటూ ఒకటి ఉండేది. ప్రియుడు ఓడెక్కి పోయాడు, వాన పడింది, తల్లి చచ్చిపోయింది. వినేవాళ్ళకూ సుఖంగా ఉండేది. కారణం తెలిసింది, కాసేపు ఏడ్చాం, కళ్ళు తుడుచుకుని బంగాళాదుంపలు తరుక్కున్నాం. ఇప్పటి ఫ్రెంచి పాటల్లో పిల్లలు కారణం చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు. తలలో ఎవరో కుర్చీలు జరుపుతున్నారంటారు. సొరుగులో మాత్రలున్నాయనీ, డాక్టరు అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాననీ పాడతారు. పోనీ ఏ మెల్లటి బాణీలోనో పాడతారా అంటే అదీ కాదు, కాళ్ళు కుదురుగా ఉండనివ్వని బాణీలో పాడతారు. పెళ్ళిళ్ళలో కూడా అవే వేస్తారు. పెళ్ళికూతురు చెప్పులు విడిచేసి, లోపల నేను లేను లేను అని గొంతు చించుకుంటూ మామగారితో గంతులేస్తుంది. మొదట్లో నాకు ఆ పాటలంటే చిరాకు. నోరు ఏడుస్తుంటే కాళ్ళు ఆడటమేమిటని మేనకోడళ్ళను దెప్పిపొడిచేదాన్ని. ఆ తర్వాత ఒకరోజు గ్లాసులు కడుగుతూ వాటినే కూనిరాగం తీస్తున్నానని తెలిసి నోరు మూసుకున్నాను.

మా పోటీలో హాలంతా ఒకపక్క అడుగులేస్తూ ఇంకోపక్క ముక్కు చీదుతుంటే ఆ పాట గెలిచినట్టు. తీర్పు చెప్పేది నేను. ఒక్కటే గట్టి నియమం. పాడి దిగినవాళ్ళను, "నిజంగానే నీకలా ఉందా?" అని ఎవరూ అడగకూడదు. మొదట్లో ఈ నియమం లేదు. ఇళ్ళ పైకప్పులు వేసే ఒకాయన పెళ్ళాన్ని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు అనే పాట పాడాడు. దిగీ దిగగానే ఆవిడ, "ఎవరివల్ల ఆడటం లేదయ్యా నీకు ఊపిరి?" అని అడిగింది. ఆ మధ్యాహ్నం నా కుర్చీలు విరిగాయి. అప్పటి నుంచి పాట పాటే, మనిషి మనిషే. దిగగానే భుజం తట్టి బీరు ఇస్తాం. అడగం. అదే మర్యాద అనుకున్నాం.

ఇక నోర్బేర్ తొనార్ సంగతికి వస్తాను.

నోర్బేర్ మా పేటలో కారు నేర్పే మాస్టారు. పొట్టి మనిషి, పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. నాకూ ఆయనే నేర్పాడు. మా ఊళ్ళలో బోర్డు లేని నాలుగు రోడ్ల కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిదే ముందు హక్కు. వచ్చేది సందులోంచైనా సరే, తోలేది తొంభై ఏళ్ళ ముసలమ్మైనా సరే, కుడి అంటే కుడే. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా మా దగ్గర కుడిని నమ్ముతారు. నోర్బేర్ అయితే దాన్ని కాపాడటానికే పుట్టినట్టుండేవాడు. నేర్చుకునేవాళ్ళు కుడివైపు చూడకుండా కూడలి దాటబోతే, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కి, "కుడి! కుడీ! మెడ పట్టేసిందా, లేక అటువైపు మొగుడున్నాడా?" అని అరిచేవాడు. మా కెఫే మొదటి కూడలి పక్కనే. ఆ అరుపు వినబడగానే లోపల ఎవరో ఒకరు గ్లాసెత్తి, "మాస్టారు డ్యూటీ ఎక్కాడు" అనేవారు. ఎన్నో ఏళ్ళు మా పేటకు గడియారం అవసరం లేకుండా గడిచింది.

ఆయనకు పెళ్ళయింది, గొడవల్లేకుండా విడిపోయింది. ఆవిడ ఇప్పటికీ పుట్టినరోజుకు కార్డు పంపుతుంది. పని ఉంది, ఇల్లుంది, ఆరోగ్యం ఉంది. వేలెత్తి చూపడానికి ఒక కష్టమంటూ కనిపించదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత పేటంతా ఇదే పట్టుకుని సాగదీసింది.

ఒక చలికాలం మొదట్లో నోర్బేర్ మొదటిసారి మైకు పట్టుకున్నాడు. అంతవరకూ ఆయన ఒక మూల కూర్చుని అట్టముక్కలు విసిరే బాపతు. పాడిన పాట బ్రసెల్స్ పిల్ల ఎవరో పాడినది, అప్పట్లో ప్రతి రేడియోలోనూ మోగుతుండేది. ఒక మనిషి మంచం మీద నుంచి లేవలేకపోతుంటుంది, అంతే దాని కథ.

"పొద్దు లేచింది, నేను లేవలేదు. కాఫీ చల్లారింది, చూస్తూ ఉన్నాను. ఫోను మోగింది, అదే అలిసిపోయింది. రేపు లేస్తా, రేపు లేస్తా."

చివరి మాటలు రాగానే డ్రమ్ములు దడదడలాడతాయి. హాలంతా బీర్లు పైకెత్తి, "రేపు లేస్తా! రేపు లేస్తా!" అని నేల దద్దరిల్లేలా గెంతింది. నోర్బేర్ మాత్రం గెంతలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని, కళ్ళు తలుపు మీద నిలిపి, మామూలు గొంతుతో, కూరగాయల ధర చెప్పినట్టు పాడాడు. కౌంటరు వెనక నాకు ముక్కు కారింది. లాంబేర్ ఏప్రాన్‌తో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఏం నటించావురా! థియేటర్లో పుట్టాల్సినవాడివి," అని లాంబేర్ ఆయన వీపు మీద చరిచాడు.

నోర్బేర్ తొడను చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

మరుసటి నెలా అదే పాట, అదే తొడ. ఆ మరుసటి నెలా అంతే. ఈలోగా లాంబేర్‌కు కడుపుమంట మొదలైంది. తన కొట్టు తొడ తానే గెలుచుకోవాలని అతనికి ఎప్పటి నుంచో కోరిక. రాత్రి కారు నడుపుతూ తనతో తానే మాట్లాడుకునే ఒకడి పాట కష్టపడి నేర్చుకున్నాడు. చివర్లో మోకాళ్ళ మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు కూడా. జనం తెగ నవ్వారు.

"అన్యాయం ఒడిల్! నేను మోకాళ్ళు కొట్టుకుపోయేలా ఏడిస్తే వాడు చేతులు జేబుల్లో పెట్టుకుని గెలుస్తాడా?"

"నువ్వు ఏడ్చావు లాంబేర్, వాడు ఏడిపించాడు. తేడా తెలుసుకో."

ఈ మాట అన్నాక నాకు నేనే చాలా తెలివిగలదాన్ననిపించింది. హాలంతా మెచ్చుకుంది.

గిస్లేన్ లేకపోతే అలాగే వసంతం దాకా తొడలు ఇచ్చుకుంటూ పోయేవాళ్ళం. గిస్లేన్ మా వీధి చివర ఉంటుంది. అరవై దాటింది, మొగుడు పోయి ఏడాది అయింది. బతికున్నన్నాళ్ళూ ఆయన కారు తాళం ఆవిడ చేతికివ్వలేదు. అందుకని సంవత్సరీకం పూజ అయిన మర్నాడే పూలగుత్తి సమాధి మీద పెట్టి, నేరుగా నోర్బేర్ దగ్గర చేరి నేర్చుకోవడం మొదలుపెట్టింది. నోరు మంచిదే కానీ ఆగదు. స్టీరింగ్ పట్టుకున్నా ఆగదు.

ఒక గురువారం పొద్దున్నే ఆవిడ కెఫే తలుపు తోసుకుని వచ్చి కౌంటరు మీద చేతిసంచీ విసిరికొట్టింది.

"ఓ పెకే పొయ్యవే ఒడిల్. చిన్న గ్లాసులో కాదు."

"పొద్దున్నే సారా ఏమిటమ్మా?"

"చావు తప్పించుకుని వచ్చానే! కింద స్కూలు దగ్గర కూడలి లేదూ, అక్కడ కుడివైపు చూళ్ళేదు. నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. కోడలి గురించి చెప్తున్నా, మరిచిపోయా. లారీ వచ్చేసింది. ఈ కిటికీ అంత దగ్గరకి. ఆ లారీవాడు తొక్కాడు కాబట్టి సరిపోయింది."

"మాస్టారు ఏమన్నాడు? అరుపు ఇక్కడికి వినపడలేదే?"

"అదే కదా నేను చెప్పేది! అరవలేదు. బ్రేకూ తొక్కలేదు. అలా చూస్తూ కూర్చున్నాడు. లారీవాడు దిగొచ్చి నన్ను నానా తిట్లూ తిట్టి వెళ్ళాక, 'పోనివ్వండి మేడం గారూ, ముందుకు పోనివ్వండి' అన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందనుకున్నావ్! లాంబేర్ పెళ్ళాం మీద అరుస్తాడు, ఫార్మసీ అమ్మాయి మీద అరుస్తాడు. నేనేం, తిట్టడానిక్కూడా పనికిరానా?"

అప్పుడే కాఫీకి వచ్చిన లాంబేర్ పకపకా నవ్వాడు. "వయసులో పెద్దావిడ కదా అని గౌరవించాడేమో గిస్లేన్ అమ్మా."

"నోర్మూసుకో. నీ వయసెంత, నీ గౌరవమెంత."

నేను నవ్వలేదు. గ్లాసు నింపి ఆవిడ ముందు పెట్టాను. ఆ చలికాలం మొత్తంలో కూడలి దగ్గర అరుపు ఒక్కటీ విన్న గుర్తు రాలేదు. రోజూ వినబడేది ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు. మా దగ్గర కారు ఎడమవైపు కూర్చుని నడుపుతారు, మాస్టారు కుడివైపు సీట్లో ఉంటాడు. లారీ వచ్చింది ఆయన వైపుకే. ఆ సంగతి పైకి అన్నాను. లాంబేర్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"అడుగుదామా?" అన్నాను.

"అడక్కూడదని నువ్వే కదా నియమం పెట్టావ్?" అన్నాడు లాంబేర్.

"మైకు దగ్గర అడక్కూడదన్నాను. ఇంటికెళ్ళి అడక్కూడదని అన్లేదు."

"ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? 'నీకు పిచ్చా' అని అడుగుతామా?"

"బఠాణీ సూపు పెడుతున్నాను, ఓ తొడముక్క కావాలని అడుగుదాం," అంది గిస్లేన్. "ఇన్ని గెలిచాడు కదా. వీడి కొట్టుకెళ్తే ముక్కకింత అని ముక్కు పిండి వసూలు చేస్తాడు."

శనివారం పొద్దున నేనూ గిస్లేనూ వెళ్ళాం. ఆయన ఇల్లు డ్రైవింగ్ స్కూలు మీది అంతస్తులోనే. తలుపు తీసేసరికి చాలాసేపు పట్టింది. పైజమా మీద కోటు తొడుక్కుని వచ్చాడు. ఎప్పుడూ మైనం రాసి మెలితిప్పే మీసాలు కిందికి వేలాడుతున్నాయి.

"తొడముక్కా? తీసుకోండి. వంటింట్లో ఉన్నాయి," అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. కిటికీ కడ్డీకి తాళ్ళతో వరసగా తొడలు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ కత్తి తగలలేదు. కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. ప్రతిదానికీ లాంబేర్ కట్టిన ఎర్ర రిబ్బను ముడి వేసింది వేసినట్టే ఉంది. మీరు మా ఊరివాళ్ళు కాదు కాబట్టి ఇందులో ఏముందనిపించవచ్చు. మా పేటలో జ్వరమొచ్చినవాడు తింటాడు, విడాకులైనవాడు తింటాడు, శవం లేచిన ఇంట్లో సాయంత్రానికి అందరూ కూర్చుని తింటారు. పొగబెట్టిన తొడ ఎదురుగా వేలాడుతుంటే నెలల తరబడి కత్తి పెట్టని మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మాస్టారూ," అంది గిస్లేన్, "ఇవేమిటండీ?"

"మీరిచ్చినవే."

"తినలేదే?"

"కొయ్యాలి కదా." కుర్చీలో కూలబడ్డాడు. "కత్తి తీయాలి. పళ్ళెం తీయాలి. తర్వాత కడగాలి. ఇంత పని ఉందని నాకు ఇదివరకు తెలియదు."

గిస్లేన్ మాట్లాడకుండా ఉండగా నేను చూడటం అదే మొదలు.

"నోర్బేర్," అన్నాను, "ఎప్పటి నుంచి ఇలా? ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా మాకు."

ఆయన తలెత్తి నావైపు చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

"చెప్తూనే ఉన్నాను కదా ఒడిల్. మైకులో. అందరి ముందూ. నెలనెలా వచ్చి చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు." వేలాడుతున్న వాటివైపు చెయ్యి చూపించాడు. "పైగా ఇవి ఇచ్చారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఆయన కూడా మీసాల కింద కొంచెం నవ్వాడనుకుంటాను.

"మామూలుగా చెప్పలేకపోయాను," అన్నాడు. "మామూలుగా చెప్తే, ఎందుకూ అంటారు. ఎందుకో నాకే తెలియదు. ఆ బ్రసెల్స్ పిల్ల కూడా ఎందుకో చెప్పలేదు. అందుకే ఆ పాట పట్టుకున్నాను. పాడినంతసేపు బాగుండేది. దిగాక మళ్ళీ అదే."

"మరి మొన్న లారీ?" అంది గిస్లేన్.

"వస్తోందని చూశాను. నాకేమీ అనిపించలేదు మేడం గారూ. రానీ అనిపించింది. ఆ తర్వాత ఇంటికొచ్చాక భయమేసింది. లారీని చూసి కాదు, ఏమీ అనిపించనందుకు."

గిస్లేన్ లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "మీకు అనిపించకపోతే మీ ఇష్టం! నాకు అనిపించింది! ఆ కారులో నేనూ ఉన్నాను కదండీ! నా మొగుడు పోయాకే కదా నేను స్టీరింగ్ పట్టుకుంది, ఇంకా ఏ ఊరూ చూడనేలేదు! కోటు సరిగ్గా వేసుకోండి. డాక్టరు దగ్గరకి వెళ్తున్నాం."

"శనివారం..."

"మధ్యాహ్నం దాకా ఉంటుంది డాక్టరమ్మ. నేను తోలతాను. పక్కన మీరుంటే నేను తోలొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, మీరే చెప్పారు."

ఆ ప్రయాణం తల్చుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. గిస్లేన్ తోలింది, ఆయన పక్కన పైజమాలో కూర్చున్నాడు, నేను వెనక సీట్లో మా అత్తగారి దేవుళ్ళందరినీ పిలుచుకున్నాను. ప్రతి కూడలిలోనూ గిస్లేన్ బండి ఆపేసి, కుడివైపు మెడ సాచి, ఎవరూ రాకపోయినా ఆగింది. వెనక కార్లు హారన్లు మోగించాయి. నోర్బేర్ నోరు మెదపలేదు.

డాక్టరమ్మ గదిలో ఏం జరిగిందో ఆయనే తర్వాత చెప్పాడు. లోపలికి వెళ్ళగానే అలవాటు కొద్దీ, బాగానే ఉన్నానండీ అన్నాడట. ఆవిడ పైజమా వైపు చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక పాటలో మొదటి ముక్క అప్పజెప్పాడట. పొద్దు లేచింది, నేను లేవలేదు.

"ఆ పాట నేనూ కారులో పాడుకుంటానండీ," అందట డాక్టరమ్మ. "మంచి పాట. ఇప్పుడు బాణీ తీసేసి చెప్పండి."

బాణీ తీసేసి చెప్పడానికి గంట పట్టింది. బయట మేమిద్దరం పాత పత్రికలు తిరగేస్తూ కూర్చున్నాం. మా వెనక వచ్చిన రోగులు గొణిగారు. గిస్లేన్ వాళ్ళ నోళ్ళు మూయించింది.

అది జబ్బేనని, పేరున్న జబ్బేనని, మందుందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసింది. వారం వారం వెళ్ళి మాట్లాడటానికి ఇంకో మనిషిని చూపించింది. కొన్నాళ్ళు కారు నేర్పొద్దంది. ఒక్క పూటలో బాగైపోయాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. మాత్రలు మొదట్లో పడలేదు, మార్చారు. కొన్ని వారాలు మంచం దిగలేదు. గిస్లేన్, లాంబేర్, నేను వంతులు వేసుకున్నాం. పేటలో మాటలకేం తక్కువ? "ఏం లోటని దిగులు? పని లేదా, ఇల్లు లేదా, తిండి లేదా?" అని నా కౌంటరు దగ్గరే దీర్ఘాలు తీశారు. కారణం ఉంటేనే కాలు విరుగుతుందా అని ఒకడితో గట్టిగానే పోట్లాడాను. వాడు ఇప్పుడు పక్క వీధి కెఫేకి వెళ్తున్నాడు. పోనీ, పీడా విరగడైంది.

లాంబేర్ మాత్రం మొదట్లో తల ఎత్తుకోలేకపోయాడు. ఒకరోజు ఆ తొడల్లో ఒకటి విప్పి, పల్చగా కోసి, గిస్లేన్ పెట్టిన బఠాణీ సూపుతో నోర్బేర్ ముందు పెట్టాడు. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పెక్కువేశావురా," అన్నాడు.

మూడు తరాలుగా తమ తొడకు వంక పెట్టినవాళ్ళతో లాంబేర్ వంశం మాట్లాడదు. ఈసారి మాత్రం లాంబేర్ పరుగున నా కెఫేకి వచ్చి, "ఉప్పెక్కువైందన్నాడే! నా తొడకి!" అని ఆనందంతో అందరికీ బీరు పోయించాడు.

ఈలోగా పోటీ నియమం సంగతి తేల్చుకోవలసి వచ్చింది. ఒక ఆదివారం అందరం కూర్చున్నాం. పాడినవాళ్ళందరినీ అడుగుతూ పోతే ఇది కెఫే కాదు, ఆసుపత్రి అవుతుందన్నాడు లాంబేర్. అడగకపోతే స్మశానమవుతుందంది గిస్లేన్. చివరికి ఇలా అనుకున్నాం. పాడి దిగినవాళ్ళను ముందు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు, "నిజమేనా?" అని ఒక్కసారి అడగాలి. ఇష్టముంటే చెప్పొచ్చు. లేకపోతే, "బీరు ఏదీ?" అంటే చాలు, ఇక ఎవరూ కదిలించరు. మొదటి నెలలో అందరూ బీరే అడిగారు. రెండో నెలలో లాంబేర్ తన కారు పాట పాడి మోకాళ్ళ మీద నుంచి లేచాడు. గిస్లేన్, "నిజమేనా?" అంది నవ్వుతూ. వాడు మోకాళ్ళు దులుపుకుని, "కొంచెం" అన్నాడు. ఆ రోజు వాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. వాళ్ళావిడ వచ్చి పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది. కుర్చీలేమీ విరగలేదు.

ఆకులు రాలే కాలం వచ్చాక నోర్బేర్ మళ్ళీ మైకు దగ్గరకు వచ్చాడు. మీసాలు మళ్ళీ పైకి తిరిగాయి. హాలు కిక్కిరిసింది. అదే పాట కావాలన్నాడు. నేను పెట్టాను.

అంత చెత్తగా ఎవరూ పాడి ఉండరు. డ్రమ్ముల కంటే ముందు పరుగెత్తాడు. కాఫీ చల్లారింది అనే చోట ఎవరినో చూసి కన్నుగీటాడు. రేపు లేస్తా అన్నప్పుడు తనే గెంతాడు, గెంతి మైకు తీగలో కాలు ఇరుక్కుని స్పీకరు మీద పడబోయాడు. హాలంతా ఆడింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక్కరికీ ముక్కు కారలేదు. వెనక నుంచి మొదటి అట్టముక్క వచ్చింది. తర్వాత ఇంకోటి.

"నిజమేనా?" అని ముందు బల్ల అడిగింది.

"ఇప్పుడు కాదు," అన్నాడు నోర్బేర్. "బీరు ఏదీ?"

ఆయన తర్వాత గిస్లేన్ ఎక్కింది. ఎక్కడి నుంచి నేర్చిందో, పోయిన మనిషి పడుకునే వైపు చెయ్యి వేసి మళ్ళీ వెనక్కి తీసుకునే పాట పాడింది. గొంతు ఏమంత గొప్పది కాదు. కానీ హాలు సగం అడుగులేస్తూనే కళ్ళు తుడుచుకుంది. "నిజమేనా?" అంటే, "పొద్దున పూట," అంది. నేను తొడ ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాను.

అంతే, నోర్బేర్ లేచాడు. "ఇదేం తీర్పు? ఆవిడ శ్రుతి ఎక్కడ, పాట ఎక్కడ? నేను పాడింది పోయిన చలికాలమంతా గెలిచిన పాట! అదే పాట, అదే గొంతు! ఒడిల్, నీకు చెవులున్నాయా? మళ్ళీ పెట్టు, మళ్ళీ పాడతా!"

"కూర్చోవయ్యా నోర్బేర్, ఓడిపోయావ్."

"ఓడిపోవడమేంటి, మోసం! అమ్ముడుపోయావ్!"

బల్ల మీద చరిచాడు. బీరు ఒలికింది. పేటలో ఇన్నేళ్ళుగా నా తీర్పును ఎవరూ అంత మాట అనలేదు. నేను గిరుక్కున తిరిగి గ్లాసులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి, కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అంత సంతోషం నాకు మా పెళ్ళినాడు కూడా లేదు.

సాయంత్రం పడుతుండగా గిస్లేన్ బయల్దేరింది. వేసవిలోనే లైసెన్సు తెచ్చుకుంది. తన మొగుడి కారే. వెనక సీట్లో తొడను పడుకోబెట్టి దానికి బెల్టు కూడా పెట్టింది. నోర్బేర్ ఇంకా గొణుక్కుంటూనే పక్క సీట్లో ఎక్కాడు. ఆ తొడ సగం తనదేనట, సూపు ఆవిడే పెట్టాలట.

నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. కారు మెల్లగా మూల మీది కూడలికి చేరింది. గిస్లేన్ వెనక్కి తిరిగి నాకేదో చెబుతోంది, అలవాటే కదా. అప్పుడు వినబడింది, అద్దాలు మూసి ఉన్నా వీధంతా అదిరేలా.

"కుడి! కుడీ! లైసెన్సు వచ్చిందని మెడ తీసి ఇంట్లో పెట్టారా మేడం గారూ?"

లోపల హాల్లో ఎవరో గ్లాసెత్తారు.